బొమ్మ ఆడుకోవడానికా, దాచుకోవడానికా? కొలువు పెట్టె నుంచి చిన్న కార్ల దాకా ఒక సమగ్ర మార్గదర్శి

సంక్రాంతికో దసరాకో అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగిన రోజున, కొలువు పెట్టే ఇళ్ళలో ఒక చిన్న తగవు తప్పదు. పెద్దలు పాత చీర ముక్కల్లో చుట్టిన బొమ్మలను ఒక్కొక్కటిగా విప్పుతూ ఉంటారు. పిల్లల చేతులు వాటి మీదికి పోతూ ఉంటాయి. "చూడు చాలు, ముట్టుకోకు" అన్న మాట పండుగ అయ్యేదాకా వినిపిస్తూనే ఉంటుంది. అదే ఇంట్లో పెద్దబ్బాయి గదిలోకి వెళితే గోడకు మేకులు కొట్టి, అట్ట మీది ప్లాస్టిక్ బుడగ కూడా విప్పకుండా వేలాడదీసిన చిన్న కార్లు కనిపిస్తాయి. వాటిని కూడా ఎవరూ ముట్టుకోకూడదు. బొమ్మ అనే వస్తువు దేనికి పుట్టిందో దానికి తప్ప మిగిలిన అన్నింటికీ పనికివచ్చే స్థితి ఇది.

అలాగని అన్నింటినీ నేల మీద పోసి ఆడుకోమనడం కూడా సరికాదు. కొన్ని బొమ్మలు నిజంగానే చేతి వాడకానికి తట్టుకోలేవు, కొన్నింటిని చేసే చేతులు ఇప్పుడు లేవు. అయితే "దాచితే భద్రం, వాడితే నష్టం" అన్న లెక్క తప్పు. పెట్టెలో పెట్టిన బొమ్మ కూడా అరుగుతుంది, కాకపోతే అది మన కళ్ళ ముందు జరగదు. కాబట్టి ఇల్లంతటికీ ఒకే నియమం పెట్టకుండా, ఒక్కో బొమ్మనూ చేతిలోకి తీసుకుని, అది దేనితో తయారైందో చూసి తీర్పు చెప్పాలి. ఆ తీర్పు ఎలా చెప్పాలో, చెప్పిన తరువాత ఏం చేయాలో ఈ వ్యాసం వరుసగా వివరిస్తుంది.

మొదటి పని: అన్నింటినీ ఒకేసారి బయట పెట్టడం

సెలవు రోజున, ఎండ నేరుగా పడని వెలుతురు ఉన్న గదిలో ఉతికిన దుప్పటి పరిచి, ఇంట్లోని బొమ్మలన్నింటినీ దాని మీద పెట్టండి. ట్రంకు పెట్టెలోవి, షోకేసులోవి, పిల్లల బుట్టలోవి, పుట్టింటి నుంచి వచ్చి ఇంకా విప్పని మూటలోవి అన్నీ ఒకేచోటికి చేరాలి. ప్రతి బొమ్మకూ ముందు నుంచి, వెనుక నుంచి, అడుగు భాగం నుంచి ఫోన్‌తో ఫొటో తీసి, ఒక నోటు పుస్తకంలో నాలుగు విషయాలు రాయండి: బొమ్మ ఎవరిది, ఎక్కడ ఎప్పుడు కొన్నది లేదా ఎవరు ఇచ్చినది, దేనితో చేసినది, ఇప్పుడు దానికి ఉన్న దెబ్బలు ఏమిటి. ఈ నాలుగో అంశాన్ని చాలామంది వదిలేస్తారు. ఏనుగు తొండం మీది పగులు పోయిన ఏడాది ఉన్నదో, ఈ ఏడాది వచ్చిందో తెలియకపోతే బొమ్మ స్థిరంగా ఉన్నదో, మెల్లగా పాడవుతున్నదో చెప్పలేము.

ఇంట్లో పెద్దవారు ఉన్నట్లయితే ఈ పని వారి పక్కన కూర్చుని చేయడం మేలు. ఏ బొమ్మ అమ్మమ్మ సారెతో వచ్చిందో, ఏది తిరుపతి వెళ్ళినప్పుడు కొన్నదో వారికి మాత్రమే గుర్తుంటుంది. బొమ్మ విలువలో సగం ఆ సమాచారమే.

రెండో పని: ఏ బొమ్మ దేనితో తయారైందో గుర్తించడం

మొత్తం వ్యవహారంలో ఎక్కువ సమయం పెట్టవలసినది ఇక్కడే, ఎందుకంటే చేతికి ఓర్చుకునే గుణం బొమ్మ రూపాన్ని బట్టి కాక, దాని పదార్థాన్ని బట్టి వస్తుంది.

ఎన్‌టీఆర్ జిల్లాలోని కొండపల్లిలో చేసే బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో తయారవుతాయి. ఈ చెక్క చాలా తేలిక, చాలా మెత్తన. గోటితో గట్టిగా నొక్కితే గుర్తు పడుతుంది. చెక్కలోని తేమ పోయేలా ఆరబెట్టిన తరువాత తల, చేతులు, మొండెం వంటి భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నపు పూత వేసి, అది ఆరాక రంగులు అద్దుతారు. అంటే కొండపల్లి బొమ్మ ఒకే ముక్క కాదు. మెత్తటి చెక్క, అంటుకున్న చేతులు, వాటి మీద పెళుసైన సున్నం, దాని మీద పల్చని రంగు కలిసిన పొరల కట్టు అది. ఏనుగు అంబారీ మీది గొడుగు, తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి చేతులు, ఎడ్ల బండి నొగలు ముందుగా విరగడానికి కారణం ఇదే. ఈ బొమ్మలు చూడటానికి, కథ చెప్పుకోవడానికి పుట్టినవి. పెద్దల చేయి పట్టుకుని పిల్లలు వాటిని తాకవచ్చు గానీ, వాటిని నేల మీద దొర్లించకూడదు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మల సంగతి పూర్తిగా వేరు. అంకుడు కర్రను తరిణె (కర్రను గిర్రున తిప్పే యంత్రం) మీద తిప్పుతూ ఉలితో ఆకారం తెచ్చి, అది తిరుగుతూ ఉండగానే రంగు కలిపిన లక్కను దానికి ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. అంకుడు కర్ర పొణికి కంటే గట్టిది, బొమ్మలో చాలా భాగం గుండ్రంగా ఉంటుంది కాబట్టి విరిగే కొసలు తక్కువ, లక్క పూత చేతి జిడ్డుకు చెడదు. బొంగరాలు, గిలక్కాయలు, లక్కపిడతలు ఆడుకోవడానికే తయారయ్యాయి. గుజ్జనగూళ్ళు వండిన పిల్లలకు అద్దాల బీరువా ఏమిటో తెలియదు. ఈ ఊరి కళాకారులలో ప్రకృతిసిద్ధ రంగుల వాడకాన్ని తిరిగి నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది; ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత పేరు వచ్చాక ఆ బొమ్మలను ఆటకు దూరం చేసి షోకేసులో పెట్టడం మొదలైంది. అది బొమ్మకు గౌరవమని నేను అనుకోను.

నిర్మల్ బొమ్మలు కూడా పొణికి చెక్కవే కాబట్టి వాటిని కొండపల్లి బొమ్మల మాదిరిగానే చూడాలి. ఎర్రచందనంతో చేసే మరపాచి దంపతుల బొమ్మలు గట్టివి, రంగు పూత అవసరం లేనివి. పూర్వం వాటికి బట్టలు కట్టి ఆడించేవారు. మట్టి బొమ్మలు, కాగితపు గుజ్జు బొమ్మలు వీటన్నింటికంటే బలహీనమైనవి. వాటికి నీటి చుక్క తగిలినా రంగు లేస్తుంది, కింద పడితే అతికించడానికి మిగిలేది కూడా తక్కువ.

ఇక ఈ తరం పెట్టెల్లోకి వచ్చినవి అచ్చుపోసిన లోహపు కార్లు. మాటెల్ సంస్థ 1968లో పదహారు నమూనాలతో మొదలుపెట్టిన హాట్ వీల్స్, లండన్‌కు చెందిన లెస్నీ సంస్థ 1953లో మొదలుపెట్టిన మ్యాచ్‌బాక్స్ వీటిలో పేరు పొందినవి. జింకు మిశ్రమలోహపు పై భాగం, ప్లాస్టిక్ లేదా లోహపు అడుగు, ఉక్కు ఇరుసులు, ప్లాస్టిక్ చక్రాలు వీటి నిర్మాణం. కింద పడితే రంగు పోతుంది గానీ కారు విరగదు. వినైల్ బొమ్మలు, అంటే మెత్తని ప్లాస్టిక్‌తో చేసిన ఆడపిల్లల బొమ్మలు, పైకి గట్టిగా కనిపించినా లోపలి నుంచి మారిపోయే స్వభావం కలవి. వాటి సంగతి కింద చూద్దాం.

పెట్టెలో జరిగేది ఏమిటో తెలుసుకోవడం

దాచాలని నిర్ణయించే ముందు, దాచడం వల్ల వచ్చే నష్టాలను కూడా తక్కెడలో వేయాలి.

కోస్తా జిల్లాల గాలిలో తేమ ఎక్కువ. వర్షాకాలంలో మూసిన ట్రంకు పెట్టెలో చెమ్మ నిలిచి, చెక్క ఉబ్బుతుంది. వేసవిలో అటక మీది రేకు వేడికి అదే చెక్క కుంచించుకుపోతుంది. చెక్క కదిలినంతగా సున్నపు పూత కదలలేదు కాబట్టి రంగు పెచ్చులుగా లేస్తుంది. ఎవరూ ముట్టుకోని కొండపల్లి బొమ్మ ముఖం మీది రంగు రాలిపోవడానికి సాధారణంగా ఇదే కారణం. మక్కులోని చింతగింజల పిండి పురుగులకు ఆహారం కూడా. ఏళ్ళ తరబడి తెరవని పెట్టెలో పురుగు తొలిచిన సన్న రంధ్రాలు, వాటి కింద రాలిన మెత్తని పొడి కనిపించాక చేయగలిగింది కొద్దిగానే ఉంటుంది.

వినైల్ బొమ్మలు మెత్తగా ఉండేందుకు కలిపిన రసాయనం కాలక్రమంలో పైకి ఊరి, చర్మం జిగటగా తయారవుతుంది. గాలి ఆడని కవరులో ఈ జిగట పేరుకుంటుంది. 1960ల నాటి బార్బీ బొమ్మలకు లోహపు చెవి పోగులు అలాగే ఉంచినందువల్ల చెవుల చుట్టూ పచ్చని మరక పడటం సేకర్తలందరికీ తెలిసిన సంగతి. కర్మాగారంలో జుట్టుకు కట్టిన రబ్బరు బ్యాండు ఎండి ముక్కలై జుట్టుకు అంటుకుపోవడం, బ్యాటరీ కారి లోపలి రేకును తినేయడం కూడా విప్పని డబ్బాలలోనే జరుగుతాయి. కాబట్టి "డబ్బా విప్పలేదు" అన్న మాటను "బొమ్మ బాగుంది" అన్న మాటగా తీసుకోకూడదు.

మూడో పని: మూడు కుప్పలుగా విడదీయడం

ఇప్పుడు బొమ్మలను మూడు కుప్పలు చేయండి. మొదటిది రోజూ ఆడుకునేవి. రెండోది పెద్దల సమక్షంలో, పండుగ రోజుల్లో లేదా ప్రత్యేకంగా అడిగినప్పుడు చేతికి ఇచ్చేవి. మూడోది చూడటానికి మాత్రమే ఉన్నవి. సందేహం ఉన్న ప్రతి బొమ్మనూ రెండో కుప్పలో వేయండి. మూడో కుప్ప వీలైనంత చిన్నదిగా ఉండాలి.

ఏ బొమ్మ ఎటు వెళ్ళాలో తేల్చడానికి నేను వేసుకునే మొదటి ప్రశ్న, ఇలాంటిది మళ్ళీ దొరుకుతుందా అనేది. కొండపల్లిలో ఈ రోజుకూ దశావతారాలు, ఎడ్ల బండ్లు చేస్తున్నారు. గత ఏడాది కొన్న బండికి చక్రం ఊడితే అది విషాదం కాదు, మళ్ళీ అక్కడికి వెళ్ళడానికి ఒక సాకు. కానీ యాభై ఏళ్ళ కిందటి బొమ్మ ముఖం తీరు, కంటి గీత, రంగుల కూర్పు ఇప్పటివాటిలో కనిపించవు. అది మూడో కుప్పలోకి వెళ్ళవలసినది. రెండో ప్రశ్న, విరిగితే బాగుచేయగలమా అనేది. మూడోది, ఇది పిల్లల చేతికి క్షేమమేనా అనేది. ఈ మూడో ప్రశ్నకు జవాబు "కాదు" అయితే మిగిలిన రెండింటితో పనిలేదు.

ధర గురించిన ప్రశ్నను చివరకు ఉంచాను, కావాలనే. పెట్టుబడిగా భావించి బొమ్మలను విప్పకుండా దాచేవారు ఒక విషయం గమనించాలి. 1968 నాటి హాట్ వీల్స్ కార్లకు ఇప్పుడు అంత ధర ఎందుకు పలుకుతోందంటే, అప్పటి పిల్లలు వాటిని ఇసుకలో, మెట్ల మీద, మురికి కాలువల్లో ఆడి ఖర్చు చేసేశారు. మచ్చ లేకుండా మిగిలినవి కొన్నే. అందరూ దాచడం మొదలుపెట్టిన తరువాత ఆ కొరత పుట్టదు. టై సంస్థ 1993లో విడుదల చేసిన బీనీ బేబీలు అనే చిన్న మెత్తటి గుడ్డ బొమ్మలను అమెరికాలో లక్షల మంది చెవికి కట్టిన చీటీ కూడా నలగకుండా దాచుకున్నారు. దశాబ్దం ముగిసేసరికి ఆ మోజు చల్లారి, చాలా రకాల ధరలు కూలిపోయాయి, డబ్బాలు మాత్రం అటకల మీద మిగిలాయి. దుకాణంలో మామూలుగా దొరికే కారును అట్టతో సహా దాచి, ఇరవై ఏళ్ళకు లాభం వస్తుందని ఎదురుచూడటం కంటే, అదే డబ్బును బ్యాంకులో వేసి కారును పిల్లవాడికి ఇవ్వడం మంచి లెక్క.

ఆడుకునే కుప్ప: ముందు పిల్లల క్షేమం

మూడేళ్ళ లోపు పిల్లలు ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుంటారు. బొమ్మల భద్రతా ప్రమాణాలలో గొంతుకు అడ్డుపడే చిన్న భాగాలను గుర్తించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఆ వయసు పిల్లలకు ఇవ్వదగినది కాదు. లక్కపిడతల మూతలు, చిన్న గరిటెలు, కార్ల చక్రాలు ఈ పరీక్షలో నెగ్గని వస్తువులు.

రంగుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మన దేశంలో గృహోపయోగ రంగుల్లో సీసం అనే విషలోహాన్ని 90 పీపీఎంకు (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు) పరిమితం చేస్తూ 2016లో చేసిన నిబంధనలు 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు మెరిసే ఎనామిల్ రంగు వేసిన పాత బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు దానిని ఇవ్వకండి, పెచ్చులు లేస్తున్నట్లయితే ఏ వయసు పిల్లలకూ ఇవ్వకండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఇచ్చే ఐఎస్ఐ నాణ్యతా గుర్తు తప్పనిసరి అయినా, హస్తకళల శాఖ వద్ద నమోదైన కళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది. కాబట్టి ఏటికొప్పాక గిలక్కాయ మీద ఐఎస్ఐ గుర్తు లేనంత మాత్రాన అది దొంగ సరుకు కాదు. పసిపిల్లల కోసం కొంటున్నామని చెప్పి, ప్రకృతిసిద్ధ రంగులు వాడినవే ఇమ్మని అడిగి తీసుకోండి.

లక్క బొమ్మలను శుభ్రం చేసే పద్ధతి తెలియక వాటిని పాడుచేసేవారు చాలామంది; వారిలో నేనూ ఉన్నాను. 2020లో ఇంట్లో తాకిన ప్రతి వస్తువుకూ శానిటైజర్ పూసే అలవాటులో, మా నాయనమ్మ కుంకుమ భరిణెను కూడా దానితో తుడిచాను. రెండు నిమిషాల్లో దాని నునుపంతా పోయి, ఎర్ర రంగు గుడ్డకు అంటుకుంది. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. శానిటైజర్, స్పిరిట్, సెంటు, గోళ్ళ రంగు తుడిచే ద్రవం ఏదీ దాని దగ్గరకు రాకూడదు. కొద్దిగా తడిపి గట్టిగా పిండిన నూలు గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో రుద్దితే చాలు. నీటిలో నానబెడితే లక్క తెల్లబారుతుంది. వేడికి అది మెత్తబడుతుంది కూడా, అందుకే వేసవి మధ్యాహ్నం కారు అద్దం ముందు పెట్టి మరచిపోయిన లక్క బొమ్మ పక్క వస్తువుకు అంటుకుపోతుంది.

లోహపు కార్లను గోరువెచ్చని సబ్బు నీటిలో కడగవచ్చు గానీ, ఉక్కు ఇరుసులు తుప్పు పట్టకుండా వెంటనే విదిలించి గాలికి ఆరబెట్టాలి. ఆడుకునే కారుకు రంగు పోవడాన్ని లోపంగా చూడకండి.

విప్పని డబ్బాల సంగతి

కార్లు, బొమ్మల సేకర్తల మధ్య ఎడతెగని వాదన ఇదే. అట్టతో, ప్లాస్టిక్ బుడగతో సహా ఉన్న కారుకు, విప్పిన కారుకు మధ్య ధరలో తేడా నిజంగానే ఉంటుంది. అయితే అది అరుదైన వాటి విషయంలోనే లెక్కలోకి వచ్చేంత ఉంటుంది. హాట్ వీల్స్ 1995 నుంచి విడుదల చేస్తున్న ట్రెజర్ హంట్ కార్లు, వాటిలోనూ ప్రత్యేకమైన రంగు పూత, రబ్బరు టైర్లు ఉన్న రకాలు అటువంటివి. అటువంటిది దొరికితే విప్పకుండా ఉంచడానికి అర్థముంది. మామూలు కారు విషయంలో రెండు కొని, ఒకటి విప్పి, ఒకటి ఉంచుకునే పద్ధతి సేకర్తల్లో వాడుకలో ఉంది. పది రకాలకు అది బాగానే ఉంటుంది, రెండు వందల రకాలకు అది ఇంటి అద్దెను పెంచే వ్యవహారం.

విప్పాలని నిర్ణయించినప్పుడు చింపకండి. అట్టకు, బుడగకు మధ్య అతుకు దగ్గర పల్చని బ్లేడును కింది అంచు నుంచి మెల్లగా పోనిచ్చి, కారు బయటకు వచ్చేటంత మాత్రమే తెరవండి. అట్టను చదునుగా ఫైలులో పెట్టి దాచండి. దానివల్ల ఏ ఏడాది, ఏ వరుస కారో ఆధారం మిగులుతుంది. పాత మ్యాచ్‌బాక్స్ కార్లకైతే ఆ చిన్న అట్టపెట్టె కూడా విలువైనదే, ఎందుకంటే పిల్లలు మొదట పారేసేది దానినే.

విప్పకుండా ఉంచేవాటిని గోడకు మేకుతో వేలాడదీస్తే అట్ట కొక్కెం దగ్గర చిరుగుతుంది, కిటికీ వెలుతురుకు బుడగ పసుపుబారుతుంది, వేడికి జిగురు విడిపోయి బుడగ ఊడి వస్తుంది. గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, నిలువుగా, ఎండ తగలని బీరువాలో పుస్తకాల్లా పేర్చడం సరైన పద్ధతి. రబ్బరు లేదా మెత్తని ప్లాస్టిక్ టైర్లు ఉన్న కారును ప్లాస్టిక్ పలక మీద ఏళ్ళ తరబడి కదపకుండా ఉంచితే, టైర్లలోని రసాయనం దిగి పలకకు గుంట పడుతుంది. మధ్యలో ఒక కాగితం ముక్క వేస్తే సరిపోతుంది.

దాచే కుప్ప: మూట కట్టే పద్ధతి

చుట్టడానికి పాత నూలు చీర ముక్కలు ఇప్పటికీ మేలైనవే, కానీ గంజి పూర్తిగా పోయేదాకా రెండుసార్లు ఉతికి ఎండలో ఆరబెట్టాలి, ఎందుకంటే గంజి పురుగులను పిలుస్తుంది. వార్తాపత్రికలు వాడకండి, వాటి సిరా తెల్లని ముఖాలకు అంటుతుంది, కాగితంలోని ఆమ్లం రంగును చెరుపుతుంది. ప్లాస్టిక్ కవరులో గట్టిగా ముడివేయడం చెక్క బొమ్మలకు పనికిరాదు, లోపలి చెమ్మ బయటకు పోదు. కొండపల్లి బొమ్మలకు ముందుగా సన్నని భాగాల చుట్టూ మెత్తని గుడ్డ ముక్కలను కూరి, ఆ తరువాత మొత్తం చుట్టాలి. నేరుగా చుడితే గుడ్డ లాగుడుకే చేతులు విరుగుతాయి. బరువైన బొమ్మలు అడుగున, తేలికవి పైన పెట్టి, ఒక్కో మూట మీద పేరు రాసిన చీటీ కట్టాలి.

నాఫ్తలీన్ ఉండలను మన ఇళ్ళలో ధారాళంగా వేస్తారు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను, ముఖ్యంగా పాలీస్టైరీన్‌ను మెత్తబరుస్తుంది, పిల్లలు మింగితే ప్రమాదం. ఆడుకునే బొమ్మలు, ప్లాస్టిక్ బొమ్మలు ఉన్న పెట్టెలో వాటిని వేయకండి. చెమ్మ కోసం సిలికా జెల్ పొట్లాలు వేయడం మంచిది. రంగు మారే రకమైతే నీలం గులాబీ అయినప్పుడు లేదా నారింజ ఆకుపచ్చ అయినప్పుడు అది తేమతో నిండిందని అర్థం. పొట్లంపై రాసిన సూచన ప్రకారం వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. వాటిని కూడా పిల్లలకు అందకుండా ఉంచాలి.

పెట్టెను అటక మీద కాకుండా, మనుషులు తిరిగే గదిలో, నేలకు జానెడు ఎత్తున, బయటి గోడకు ఆనకుండా ఉంచండి. మనిషికి హాయిగా అనిపించే గది చెక్కకూ హాయిగానే ఉంటుంది. షోకేసులో పెట్టేవాటికి చెమ్మ కంటే వెలుతురు పెద్ద శత్రువు. ప్రకృతిసిద్ధ రంగుల్లో పసుపు కొమ్ము నుంచి వచ్చే పసుపు రంగు ఎండకు అన్నింటికంటే ముందు వెలుస్తుంది, నీలిమందు ఎక్కువ కాలం నిలుస్తుంది. కిటికీ ఎదుట ఉంచిన ఏటికొప్పాక బొమ్మల వరుసలో పసుపు బొమ్మలు పాలిపోయి కనిపిస్తే ఆశ్చర్యపడనవసరం లేదు. షోకేసును పక్క గోడకు జరపండి.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు మరో ఇబ్బంది ఉంది. చలి దేశాల్లో శీతాకాలమంతా హీటర్లు నడిచే ఇళ్ళలో గాలి బాగా పొడిబారి, ఇక్కడి తేమకు అలవాటుపడిన చెక్క చీలుతుంది. బొమ్మలను హీటరు గాలి వచ్చే చోటికి దూరంగా ఉంచాలి. ఆస్ట్రేలియాకు తీసుకువెళ్ళేవారు చెక్క బొమ్మలను విమానాశ్రయంలో తప్పనిసరిగా ప్రకటించాలి. పురుగు రంధ్రాలు ఉన్నవాటిని అసలు తీసుకువెళ్ళకపోవడం మంచిది.

ఏటా చేయవలసిన తనిఖీ

కొలువు పెట్టే సంప్రదాయంలో తెలియకుండానే ఒక మంచి సంరక్షణ పద్ధతి ఉంది. ఏడాదికి ఒకసారైనా ప్రతి బొమ్మనూ విప్పి, గాలి తగలనిచ్చి, దుమ్ము దులిపి, మళ్ళీ చుడతాము. కొలువు పెట్టనివారు కూడా వర్షాకాలం వెళ్ళిన తరువాత ఒక రోజు ఈ పని చేయాలి. చిత్రకారులు వాడే వెడల్పాటి మెత్తని కుంచెతో, పై నుంచి కిందికి దులపండి. పెచ్చులు లేస్తున్న చోట కుంచె కూడా తగలనివ్వకండి. మూట అడుగున చెక్క పొడి కనిపిస్తే ఆ బొమ్మను వెంటనే వేరు చేసి విడి డబ్బాలో పెట్టి, మిగిలినవాటిని ఒక్కొక్కటిగా చూడండి.

పండుగ ముగిసి బొమ్మలను దించే ముందు, రెండో కుప్పలోవి పిల్లల చేతికి ఇవ్వడానికి ఒక సాయంత్రం కేటాయించండి. పూర్వం కొలువు బొమ్మలకు పెళ్ళి చేయడం పిల్లల వేడుక. పెళ్ళికొడుకు బొమ్మ ఒక ఇంటిది, పెళ్ళికూతురు బొమ్మ ఇంకొక ఇంటిది, లక్కపిడతల్లో విందు. ఆ ఆట ఆడిన బొమ్మలే మన దాకా వచ్చాయి. చాప మీద కూర్చోబెట్టి, చేతులు కడిగించి, బొమ్మ కొమ్మునో చేతినో కాక దాని మొండెం కింద రెండు చేతులతో పట్టుకోవడం నేర్పిస్తే అయిదేళ్ళ పిల్ల కూడా జాగ్రత్తగా పట్టుకుంటుంది. ఎప్పుడూ ముట్టుకోనివ్వని పిల్లవాడే అవకాశం దొరికినప్పుడు లాగి విరగ్గొట్టేది.

విరిగినప్పుడు

ఆడుకునే కుప్పలోని బొమ్మ విరిగితే జిగురు పెట్టి అతికించి, కావాలంటే రంగు వేసి, మళ్ళీ ఆటకు పంపండి. చూసే కుప్పలోని బొమ్మ విషయంలో మాత్రం తొందరపడవద్దు. రాలిన పెచ్చులు, విరిగిన ముక్కలు ఒక్కటి కూడా పోకుండా చిన్న డబ్బాలో వేసి, బొమ్మ పేరు రాసి, ఫొటో తీయండి. క్షణంలో గట్టిపడే సూపర్ జిగురు వాడితే ఆ అతుకును తరువాత ఎవరూ విప్పలేరు. కొండపల్లిలోని కళాకారులు తమ మక్కుతోనే అతకగలరు, ఆ అతుకు చెక్కతో కలిసిపోతుంది. అయితే వారికి ఇచ్చేటప్పుడు స్పష్టంగా చెప్పాలి: అతికిస్తే చాలు, మొత్తం రంగు మళ్ళీ వేయవద్దు. కొత్త రంగుతో మెరిసిపోతూ తిరిగి వచ్చిన పాత బొమ్మలో ముత్తాత కాలపు కంటి గీత ఉండదు, దానిని వెనక్కి తెచ్చుకునే దారీ ఉండదు.

ఆఖరుగా, నోటు పుస్తకంలో రాసిన వివరాల నకలు ఒకటి తీసి, ట్రంకు పెట్టె మూత లోపలి వైపు అంటించండి. ఏ మూటలో ఏముందో, ఏది ఆటకు, ఏది కొలువుకు, ఏది ఎవరికి చెందాలో అందులో ఉండాలి. మొదటి కుప్పకు మాత్రం మూత ఉన్న పెట్టె వద్దు. వెదురు బుట్టలో వేసి, పిల్లల చేతికి అందే కింది అరలో పెట్టండి.